పాత పెట్రోమాక్స్ మాంటిల్ పొడి: నీటిలో కరగదు కాబట్టి నిరపాయకరమేనా?

చంద్రగిరి వాసి:
మా ఊళ్లో భారతం ఆడే రాత్రుల్లో తాతగారు వెలిగించిన పెట్రోమాక్స్ దీపం, దాంతోపాటు సుమారు 40 ఏళ్ల నాటి మాంటిల్ (దీపంలో వెలుగునిచ్చే గుడ్డసంచి) పొట్లాలు నాలుగు అటక మీద దొరికాయి. ఒకటి కట్టి వెలిగించాము. గుడ్డసంచి కాలిపోగా మిగిలిన తెల్లని గూడు, మరునాడు వేలు తగలగానే పొడిపొడిగా బల్ల మీద రాలింది. అది రేడియోధార్మికమైన థోరియం డయాక్సైడ్ అని మా అబ్బాయి అంటున్నాడు. ఇన్నేళ్లలో దాని ధార్మికత తగ్గి ఉండదా?

తిరుపతి విశ్రాంత అధ్యాపకుడు:
మీ అబ్బాయి చెప్పింది నిజమే గాని, కంగారు అనవసరం. థోరియం-232 అర్ధాయువు, అంటే అందులో సగం క్షీణించడానికి పట్టే కాలం, దాదాపు 1,400 కోట్ల సంవత్సరాలు కాబట్టి అది చాలా నెమ్మదిగా క్షీణిస్తుంది. అది వెలువరించే ఆల్ఫా కణాలనే రేణువులను చర్మపు పైపొరే ఆపుతుంది. ఈ ఆక్సైడ్ 3,300 డిగ్రీల సెల్సియస్ దాటితే గాని ద్రవించదు, నీటిలో కరగదు, పొరపాటున మింగినా రక్తంలో కలిసేది అత్యల్పం. 1891లో కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాక్ 99 పాళ్ల థోరియం ఆక్సైడ్‌కు ఒక పాలు సీరియం ఆక్సైడ్ కలిపి మాంటిల్‌ను మెరుగుపరిచాడు. ఆ వెలుగుకూ ధార్మికతకూ సంబంధం లేదు; నిజానికి ఆ ఒక్క పాలు సీరియం లేకపోతే దీపం మసకగానే ఉంటుంది.

చిత్తూరు పాఠకురాలు:
అధ్యాపకులవారు కరగని గుణాన్ని కవచంగా చూపుతున్నారు. నాకు భయం కలిగించేది ఆ గుణమే. ఎక్స్‌రేలో రక్తనాళాలు స్పష్టంగా కనిపించడానికి 1930ల నుంచి 1950ల వరకు థోరోట్రాస్ట్ అనే మందును రోగుల రక్తంలోకి ఎక్కించారు. అందులో ఉన్నది ఈ ఆక్సైడే. కరగదు కాబట్టే శరీరం దాన్ని విసర్జించలేకపోయింది. అది కాలేయంలో, ప్లీహంలో జీవితాంతం నిలిచిపోయి, ఎందరికో దశాబ్దాల తరువాత కాలేయ క్యాన్సర్ తెచ్చింది. పైగా థోరియం క్షీణించగా పుట్టేది రేడియం, అదీ రేడియోధార్మికమే; థోరియంను శుద్ధి చేసేటప్పుడు తొలగిపోయిన ఆ రేడియం, పొట్లంలో ఏళ్ల తరబడి మళ్లీ పుట్టుకొస్తుంది. కాబట్టి పాతబడితే ధార్మికత తగ్గుతుందన్న ఊహ ఇక్కడ చెల్లదు. వాడని మాంటిల్‌ను మొదటిసారి కాల్చినప్పుడు ఆ రేడియంలో కొంత పొగతోపాటు గదిలోకి చేరుతుంది.

తిరుపతి విశ్రాంత అధ్యాపకుడు:
రేడియం విషయంలో మీ మాట ఒప్పుకుంటాను, నేను దాన్ని విస్మరించాను. అయితే థోరోట్రాస్ట్‌తో పోలిక సరికాదు. అక్కడ గ్రాముల లెక్కన నేరుగా రక్తంలోకి ఎక్కించారు. మాంటిల్‌లో ఉండేది మొత్తం కలిపినా ఒక గ్రాములోపే.

చిత్తూరు పాఠకురాలు:
మోతాదు మాట నిజమే. కాని చర్మం ఆపగలిగే ఆల్ఫా కణాన్ని ఊపిరితిత్తుల లోపలి పలుచని పొర ఆపలేదు, అక్కడ చేరిన పొడి కరిగి బయటికీ పోదు. అందుకే అడుగుతున్నాను: చంద్రగిరి వారూ, బల్ల మీది ఆ పొడిని ఎలా తీశారు?

చంద్రగిరి వాసి:
చీపురుతోనే ఊడ్చామండీ. ఇప్పుడు కిటికీలు తెరిచి గదంతా తడిగుడ్డతో తుడిపిస్తున్నాను. మిగిలిన మూడు పొట్లాలు విప్పలేదు.