పక్షవాతం వచ్చి 4 నెలలు: మెరుగుదల ఆగినట్టుంటే ఫిజియో మానేయొచ్చా?

తూర్పు_తీరం:
పేషెంటుకి 58 ఏళ్లు. మెదడులో రక్తనాళం పూడుకుపోయి కుడి కాలూ చెయ్యీ పడిపోయి 4 నెలలైంది. కర్రతో ఇంట్లో నడుస్తున్నారు. గుప్పిట మూయగలరు, తెరవడం మాత్రం కొద్దిగానే. ఫిజియో వారానికి 3 రోజులు, 45 నిమిషాల చొప్పున చేయిస్తారు. నెలన్నరగా మార్పు లేదు. "మూడు నెలల్లో వచ్చిందే రావడం, ఇక డబ్బు దండగ" అంటున్నారు చుట్టాలు. నిజమేనా? ఇంట్లో ఏం చేయించాలి, ఎన్నిసార్లు?

ఫిజియో_కాకినాడ:
సగమే నిజమండి. మొదటి 3 నెలల్లో మెదడు వాపు తీసి, కొంత దానంతటదే కోలుకుంటుంది. ఆ తర్వాత వచ్చేది ఎక్కువగా సాధనతోనే, అందుకే నెమ్మది. అమెరికాలో 222 మందితో చేసిన ఎక్సైట్ ట్రయల్ ఫలితాలు 2006లో వచ్చాయి. వాళ్లంతా స్ట్రోక్ వచ్చి 3 నుంచి 9 నెలలైనవాళ్లే. బాగున్న చేతికి తొడుగు వేసి, 2 వారాలపాటు బలహీనమైన చేతితోనే పనులు చేయించారు. వచ్చిన మెరుగు ఏడాది తర్వాతా నిలిచింది.

మీకు అందుతున్నది వారానికి 135 నిమిషాలు. బ్రిటన్‌లో చికిత్సలు ఎలా ఉండాలో చెప్పే నైస్ సంస్థ, స్ట్రోక్ మీద 2023లో ఇచ్చిన మార్గదర్శకంలో అన్ని థెరపీలూ కలిపి రోజుకి కనీసం 3 గంటలు, వారానికి కనీసం 5 రోజులు అని ఉంది. మన ఇళ్లలో అంతసేపు ఫిజియోని పెట్టుకోవడం కుదరదు కాబట్టి, ఆయన వెళ్లాక ఇంట్లో చేయించేదే ముఖ్యం.

కాలికి, కుర్చీలోంచి లేచి కూర్చోవడం చేయించండి. సుమారు 45 సెం.మీ. ఎత్తున్న గట్టి కుర్చీని గోడకి ఆనించండి. లేవలేకపోతే దుప్పటి నాలుగు మడతలు వేసి పైన పరవండి. మడమలు మోకాళ్లకంటే కాస్త వెనక్కి ఉండాలి. ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా వంగి లేవాలి. మీరు కుడి పక్కన నిలబడండి. చాలామంది మంచి కాలి మీదే బరువేసి లేచేస్తారు. మంచి పాదాన్ని కొద్దిగా ముందుకి జరిపితే బరువు రెండో కాలి మీదికి వస్తుంది. 10 చొప్పున 3 విడతలు, పొద్దునా సాయంత్రమూ. మూడు రోజులు తేలిగ్గా చేస్తే ఒక మడత తీసేయండి. ఆ మడత తీయకుండా నెలంతా అదే ఎత్తులో చేయించే ఇళ్లే ఎక్కువ. అక్కడ ఆగిపోయింది కాలు కాదు, కసరత్తు.

ఓటీ_వరంగల్:
చేతి సంగతి నేను చెప్తాను. మెత్తటి బంతి నొక్కిస్తుంటే దయచేసి ఆపండి. మూసే కండరాలు ఇప్పటికే బిగుసుకున్నాయి, మీకు కావాల్సింది తెరవడం. కాబట్టి పట్టుకోవడం కంటే వదలడం నేర్పించండి. మణికట్టు కిందికి వంచితే వేళ్లు తేలిగ్గా తెరుచుకుంటాయి, అక్కడ మొదలుపెట్టండి. ముందు ఖాళీ ప్లాస్టిక్ డబ్బా, తర్వాత నిమ్మకాయ, ఆపైన బట్టల క్లిప్పు.

ఎన్నిసార్లు అంటే, జంతువుల మీద ప్రయోగాల్లో రోజుకి వందలసార్లు చేయిస్తే మెదడులో మార్పు కనిపించింది. 2009లో అచ్చయిన ఒక పరిశీలనలో, థెరపీ సెషన్లలో చేతి పనులు సగటున 32 సార్లే జరుగుతున్నాయని తేలింది. మీరు రోజుకి 100తో మొదలుపెట్టండి, 25 చొప్పున 4 విడతలు. గిన్నెలో 25 శనగలు వేసి, ఒక్కోసారికి ఒక్కోటి మీరే పక్కకి తీస్తుంటే లెక్క తప్పదు. నొప్పి లేకపోతే వారం వారం పెంచండి.

చెయ్యి పట్టి లాగి లేపొద్దు, గిలకకి తాడు కట్టి చెయ్యి పైకి లాగించొద్దు. జబ్బ నొప్పి పట్టుకుంటే నెలల సాధన పోతుంది.

పది_మీటర్లు:
మార్పు లేదని ఎలా తేల్చారు? రోజూ చూసే కంటికి ఆనదు. వరండాలో సుద్దతో 10 మీటర్లు గీయండి, నడక అందుకోవడానికీ ఆగడానికీ ఆ గీతలకి అవతల అటూ ఇటూ 2 మీటర్లు వదలండి, ఫోన్లో సెకన్లు చూడండి. 15 రోజులకోసారి, అదే వేళ, అవే చెప్పులు. 25 సెకన్లు పడితే వేగం సెకనుకి 0.4 మీటర్లు. 20కి దిగితే 0.5. ఆ 0.1 తేడా చిన్నది కాదు.

నాలుగు కొలతలైనా కదలకపోతే కారణం వెతకాలి. బిగుతు ఉన్నట్టుండి పెరిగితే మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, ఒరిపిడి పుండు, గోరుచుట్టు ఉన్నాయేమో చూడండి. బిగుతు తగ్గించే బాక్లోఫెన్ మాత్ర వాడుతూ రోజంతా మగతగా ఉంటే దాని మోతాదు గురించి డాక్టర్ని అడగండి, మీరే ఆపేయొద్దు. స్ట్రోక్ వచ్చినవాళ్లలో దాదాపు మూడోవంతు మందికి డిప్రెషన్ వస్తుంది. ఇంట్లో దాన్ని బద్ధకం అనుకుని తిడతారు, అది చాలా అన్యాయం. చికిత్సతో తగ్గుతుంది. ఇక నాటుమందు కోసం బీపీ మాత్రలు ఆపించే చుట్టాల మాట అస్సలు వినకండి, రెండో స్ట్రోక్ వస్తే మళ్లీ మొదటికొస్తారు.

తూర్పు_తీరం:
ఇవాళే సుద్ద గీస్తాం. జ్వరం వచ్చిన రోజు కూడా చేయించాలా?

ఫిజియో_కాకినాడ:
వద్దండి. ఆ రోజు మీరే కీళ్లు నెమ్మదిగా కదిలించి, చేతిని దిండు మీద పెట్టండి. బీపీ ఎంతుంటే ఆపాలో డాక్టర్ని అడిగి గోడ మీద రాసుకోండి. జ్వరం తగ్గాక సగం లెక్కతో మొదలుపెట్టి, 3-4 రోజుల్లో పాత లెక్కకి రండి.