ఇంజెక్షన్‌తో శాశ్వతంగా నిద్రపుచ్చబోతున్న కుక్క: పూడ్చాలా, దహనం చేయించాలా?

చిన్నిఅమ్మ: పదమూడేళ్ల కుక్క, 22 కిలోలు. రేపు ఉదయం డాక్టర్ పెంటోబార్బిటాల్ (ప్రాణం పోయేంత మోతాదులో ఇచ్చే మత్తుమందు) ఇస్తారు. పెరట్లోనే పూడ్చాలని ఉంది. గొయ్యి ఎంత లోతు ఉండాలి?

మట్టివేళ్లు: ఒంటి మీద కనీసం మూడడుగుల మట్టి పడాలి. కుక్క మందం ఇంకో అడుగు, అంటే నాలుగడుగుల గొయ్యి. చాలామంది మూడడుగులు తవ్వి చాలనుకుంటారు. తీరా పైన రెండడుగులే మిగులుతుంది, వాసనకి ఏదో ఒకటి వచ్చి తోడేస్తుంది. నూలు దుప్పటిలో చుట్టండి. ప్లాస్టిక్ సంచి వద్దేవద్దు, గాలి ఆడక ఏళ్లు గడిచినా కుళ్లదు, మైనంలా తయారవుతుంది. మట్టి గుట్టగా పోయండి, తర్వాత కుంగుతుంది. బావికీ బోరుకీ దూరంగా చూసుకోండి.

సున్నపురాయి: పైన సున్నం చల్లితే త్వరగా కరిగిపోతుంది.

మట్టివేళ్లు: కరగదు. సున్నం వాసనని అణుస్తుంది, కుళ్లడాన్ని ఇంకా ఆలస్యం చేస్తుంది.

నిప్పుసెగ: లోతు గురించి ఇంత రాసి మందు ఊసే ఎత్తలేదేం? పెంటోబార్బిటాల్ ప్రాణంతో పాటు పోదు. ఏడాది దాటినా మట్టిలో మిగిలి ఉంటుంది. తోడుకుని ఆ మాంసం తిన్న కుక్కలూ గద్దలూ మత్తులో పడి చస్తాయి. దహనం చేసే ఫర్నేస్ (కొలిమి) వేడికైతే ఆ మందు విరిగిపోతుంది.

మట్టివేళ్లు: అందుకే కదండీ నాలుగడుగులు అన్నది!

నిప్పుసెగ: రెండడుగులకే నీళ్లు ఊరితే?

మట్టివేళ్లు: ఊరితే ఆ చోటు పనికిరాదు, ఇంకోచోట తవ్వుతారు. మీ దహనం సంగతి చెప్పండి ముందు. ఒకే ఫర్నేస్‌లో మూడు నాలుగింటిని ఇటుకలు అడ్డం పెట్టి కాల్చి, దాన్నీ 'విడిగా' అనే చోట్లున్నాయి. బూడిద కొంతైనా కలవక మానదు.

నిప్పుసెగ: అడగాల్సినట్టు అడగాలి. "విడిగా చేస్తారా" అని కాదు, "లోపల ఇదొక్కటే ఉంటుందా" అని. నంబరు కొట్టిన లోహపు బిళ్ల ఒంటితో లోపలికెళ్లి బూడిదతో బయటికి రావాలి. 22 కిలోలకి బూడిద ముప్పావు కిలో, కొంచెం అటూ ఇటూ. రెండు కిలోలు చేతికిస్తే అనుమానించాల్సిందే. పేస్‌మేకర్ (గుండె కొట్టుకోడానికి ఒంట్లో పెట్టే చిన్న యంత్రం) ఉంటే ముందే తీయించాలి, బ్యాటరీ పేలుతుంది.

ఒక్కమాట: మీ గొడవ తర్వాత. చిన్నిఅమ్మ గారూ, కొద్ది గంటల్లోనే ఒళ్లు బిగుసుకుంటుంది. ఆలోపే కాళ్లు ముడిచి పడుకోబెట్టండి, చాచి ఉంటే గొయ్యిలోనూ పట్టదు, పెట్టెలోనూ పట్టదు. కింద తడి పీల్చే గుడ్డ మందంగా వేయండి.

మట్టివేళ్లు: బూడిద తెచ్చి ఏం చేస్తారు? మొక్క మొదట్లో పోస్తే ఆ ఉప్పుకీ క్షారానికీ మొక్కే మాడుతుంది.

నిప్పుసెగ: పోయమన్నదెవరు? డబ్బాలో ఉంచుకుంటారు. ఇల్లు మారితే వెంట తీసుకెళ్తారు. గొయ్యిని తీసుకెళ్తారా?

మట్టివేళ్లు: డబ్బా పక్కన కూర్చుని ఎవరేడుస్తారండీ! మనిషికి ఒక చోటు కావాలి.

నిప్పుసెగ: అదీ, ఇప్పటికి బయటపడింది. మీరు ఉండిపోయే ఇంటి గురించి మాట్లాడుతున్నారు, నేను వదిలేసి వెళ్లే ఇంటి గురించి. రేపు ఇంకెవరో పునాదికి తవ్వితే? చిన్నిఅమ్మ గారూ, ఇల్లు సొంతమేనా?

చిన్నిఅమ్మ: అద్దెది. వచ్చే నెలాఖరుకి ఖాళీ చేస్తున్నాం.

మట్టివేళ్లు: ఈ ముక్క మొదటే చెప్పొద్దూ! అయితే దహనమే చేయించండి. బిళ్ల సంగతి మాత్రం ఇంజెక్షన్‌కి ముందే అడిగేయండి, తర్వాత అడిగే ఓపిక ఉండదు.