డిగ్రీ ప్రాజెక్టుకు 4 క్రెడిట్లు: విద్యార్థికి సరే, గైడు గంటల లెక్క ఎక్కడ?

వంశధార (చర్చ ప్రారంభం)

శ్రీకాకుళం జిల్లాలోని ఒక స్వయంప్రతిపత్తి గల డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం బోధిస్తున్నాను. వచ్చే నెల మా పాఠ్యప్రణాళికలు నిర్ణయించే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశంలో పెట్టడానికి ఒక ప్రతిపాదన రాసుకున్నాను. అక్కడ పెట్టే ముందు ఇక్కడి పెద్దల చేత చీవాట్లు తినడం మంచిదనిపించింది. మూడో సంవత్సరం విద్యార్థి ఒక ఐచ్ఛిక కోర్సుకు బదులుగా, తాను ఎంచుకున్న ప్రశ్న మీద ఒక అధ్యాపకుని పర్యవేక్షణలో సెమిస్టరు పాటు పనిచేస్తే 4 క్రెడిట్లు ఇవ్వాలన్నది దాని సారాంశం. ప్రయోగశాలలో గానీ ఊళ్లో గానీ చేసే పనికి క్రెడిట్‌కు 30 గంటల లెక్క కనుక అది 120 గంటల పని అవుతుంది.

విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2022 డిసెంబరులో ప్రకటించిన నాలుగేళ్ల డిగ్రీ విధానంలో పరిశోధనకు చోటు ఉన్న మాట నిజమే. అయితే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్నవారికే ఆ నాలుగో ఏటి 12 క్రెడిట్ల ప్రాజెక్టు దక్కుతుంది. మూడేళ్లకే డిగ్రీ పుచ్చుకుని వెళ్లిపోయే మా పిల్లలకు ఆ గుమ్మం కనిపించనే కనిపించదు. అందుకే నేను మార్కుల అర్హత పెట్టలేదు. ఇది సబబేనా?

పాత ఎగ్జామినర్

మాస్టారూ, మీ ఉద్దేశం మంచిదే గానీ మన దగ్గర ఇటువంటిది ఇప్పటికే ఒకటి నడుస్తున్నది కదా. మొదటి ఏడాది ముగిశాక వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, 180 గంటలు, 4 క్రెడిట్లు, ఊరి సామాజిక ఆర్థిక సర్వే, రోజువారీ లాగ్‌బుక్కు. కాగితం మీద చూస్తే ముచ్చటైన ఏర్పాటు. విజయనగరం వైపు ఒక కళాశాలకు వైవాకు (మౌఖిక పరీక్షకు) వెళ్లినప్పుడు నేను చూసింది చెబుతాను. మూడు రిపోర్టుల్లో మూడు వేర్వేరు ఊళ్లు, కానీ కుటుంబాల సంఖ్య ఒకటే, మరుగుదొడ్లు లేని ఇళ్ల సంఖ్యా ఒకటే. ఒకదానికి అట్ట మీద గజపతినగరం మండలంలోని ఊరు ఉంటే, లోపల ఆరో పేజీలో టెక్కలి ప్రత్యక్షమైంది. లాగ్‌బుక్కుల సంగతి సరేసరి: మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఒకే సిరా, ఒకే వాలు, ఒక్క కొట్టివేత లేదు. స్పైరల్ బైండింగ్ మాత్రం దివ్యంగా ఉంది. మీ 4 క్రెడిట్లు కూడా చివరకు కళాశాల గేటు ఎదుటి జిరాక్స్ షాపుకే చేరుతాయని నా భయం. 75 శాతం గీత కనీసం రద్దీనైనా తగ్గిస్తుంది.

ఉద్దానం పిల్ల

పెద్దలు మన్నించాలి, నా మార్కుల పట్టిక 60 శాతం దాటలేదు. అయినా ఇప్పుడు ఒక నీటి పరీక్షల ల్యాబులో ఉద్యోగం చేస్తున్నానంటే అది ఒక ప్రాజెక్టు చలవే.

మాది కవిటి మండలం. మా వైపు కిడ్నీ జబ్బు సంగతి మీకు చెప్పనక్కరలేదు. ఆ జబ్బుకు కారణం కనిపెడతానని మా మేడం గారి దగ్గరకు వెళ్లాను. ఆవిడ నవ్వలేదు గానీ, ఎందరో పెద్ద శాస్త్రవేత్తలు వచ్చి తేల్చలేనిది ఒక సెమిస్టరులో తేలదనీ, మా వీధి బోర్ల నీటి కాఠిన్యం వానలకు ముందూ తరువాతా ఎంత మారుతుందో చూడమనీ చెప్పారు. నాకు కోపం వచ్చింది. ఇంత పెద్ద బాధ ఊళ్లో ఉంటే ఇంత చిన్న ప్రశ్నా అనుకున్నాను.

ఆ చిన్న ప్రశ్నే నన్ను నెలన్నర తిప్పింది. కాఠిన్యం కొలవడానికి ఈడీటీఏ అనే రసాయనాన్ని చుక్కచుక్కగా వేస్తుండగా ఎరుపు ద్రావణం నీలంగా మారాలి. నా దగ్గర అది ఊదా రంగు దాకా వచ్చి నీళ్లు నములుతూ ఉండిపోయేది. ఒకే సీసాలోని నీటికి మూడుసార్లకు మూడు అంకెలు వచ్చాయి. మేడం గారు వచ్చి బ్యూరెట్టు వైపు చూడకుండా నేరుగా బఫర్ (నీటి క్షారతను నిలకడగా ఉంచడానికి కలిపే అమ్మోనియా ద్రావణం) సీసా మూత తీసి వాసన చూశారు. ముక్కు పగిలిపోవలసిన అమ్మోనియా ఘాటు లేనే లేదు. అది పాత సీసా, మూత వదులు, అమ్మోనియా ఎప్పుడో ఎగిరిపోయింది. రెండు వారాల అంకెలకు అడ్డగీత కొట్టించి, పక్కన కారణం రాయించి, మళ్లీ మొదటి నుంచి చేయించారు. కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీరు దొరకనప్పుడు 600 దాకా సరిపెట్టుకోవచ్చు అని పరీక్షకు బట్టీ పట్టిన అంకెలు మా అమ్మ తోడే నీటివని నాకు అప్పుడే తట్టింది.

ఒక మాట మాత్రం చెప్పాలి. ఆ పని అంతా సాయంత్రం నాలుగు దాటాక జరిగింది. ఆవిడ తన బస్సు వదులుకుని కూర్చునేవారు. మరుసటి ఏడాది ఆవిడకు బదిలీ అయింది, ఆ కళాశాలలో ప్రాజెక్టులూ ఆగిపోయాయి.

నాగావళి గట్టు

పై అమ్మాయి చివర్లో చెప్పినదే అసలు చర్చ కావాలి. విద్యార్థికి 120 గంటలకు 4 క్రెడిట్లు వస్తాయి. గైడుకు వచ్చేది అట్ట లోపల సంతకం పెట్టే హక్కు. మా శాఖలో ఉన్నది ఇద్దరం. రెండోవారు అతిథి అధ్యాపకులు, చెప్పిన పీరియడ్ల లెక్కన పారితోషికం తీసుకునేవారు. సాయంత్రం కూర్చుని పిల్లవాని లాగ్‌బుక్కు చదవమని ఆయనను ఏ ముఖంతో అడగను? నాలుగో ఏటి పరిశోధనా డిగ్రీకైతే శాఖలో పీహెచ్‌డీ గైడ్లుగా గుర్తింపు పొందిన శాశ్వత అధ్యాపకులు కనీసం ఇద్దరుండాలని యూజీసీయే షరతు పెట్టింది. మూడో ఏటికి మనం కనీసం గంటల షరతైనా పెట్టుకోకపోతే ఎలా?

కోట వీధి

క్రెడిట్లు లేకపోతే చదువే లేదన్నట్టు మాట్లాడుతున్నారు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, ఎవరూ సిలబస్ ఇవ్వకుండానే శ్రీముఖలింగం శాసనాల లిపిని పట్టుకున్నారు. సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం రాసి 1931లో అచ్చుకు తెచ్చారు. ఆయనకు ఏ విశ్వవిద్యాలయం క్రెడిట్లు వేసింది? జిజ్ఞాస ఉన్నవాడు చేస్తాడు, లేనివాని చేత క్రెడిట్ల ఆశ చూపి చేయిస్తే జిరాక్స్ షాపే గతి.

పాత ఎగ్జామినర్

కోట వీధి వారూ, మీరు నా పక్షాన మాట్లాడుతున్నారని తెలిసీ అడ్డు చెప్పవలసి వస్తున్నది. గిడుగు వారు సవర నేర్చుకోవడానికి ఆ భాష తెలిసిన మనిషిని ఇంట్లోనే పెట్టుకున్నారు. స్వతంత్ర అధ్యయనం అనే మాటలో ఎంత స్వాతంత్ర్యం ఉన్నా, తప్పు పలికినప్పుడు కాదని చెప్పే మనిషి ఒకడు పక్కన ఉండాలి. నేను చూసిన ఆ మూడు రిపోర్టుల పిల్లలకు ఆ వేసవి అంతా అటువంటి మనిషి లేడు. నేను పిల్లలను తప్పు పట్టాను. సగమైనా అటు పోవాలి. నాగావళి గట్టు వారి మాటతో 75 శాతం గీతను వదులుకుంటున్నాను. బఫర్ సీసా వాసన చూడడానికి మార్కులతో పని లేదు.

వంశధార

ప్రతిపాదనను మార్చాను. ఒక అధ్యాపకునికి నలుగురికి మించి విద్యార్థులు ఉండరు. వారానికి రెండు గంటలు టైమ్‌టేబుల్లోనే ప్రాజెక్టు పీరియడ్లుగా ఉంటాయి, అవి అధ్యాపకుని పనిగంటల్లో కలుస్తాయి, అతిథి అధ్యాపకులకు వాటికీ పారితోషికం లెక్కవుతుంది. ఆ పీరియడ్లలో గైడు ఆ వారపు పేజీ చదివి తేదీతో సంతకం పెట్టాలి. పలాస జీడిపప్పు బట్టీల్లో సాయంత్రం పనికి పోయే పిల్లలు మా దగ్గర ఉన్నారు కనుక ఈ గంటలు పగటి పూటే ఉండాలని కూడా రాశాను. అమెరికాలో ఎంఐటీ 1969లో ఇటువంటి పథకం మొదలుపెట్టింది. అక్కడి విద్యార్థి క్రెడిట్లయినా తీసుకోవచ్చు, జీతమైనా తీసుకోవచ్చు. మనకు ఆ రెండో సౌకర్యం ఇప్పట్లో రాదు. గంటలకు ఒప్పుకోకపోతే ప్రతిపాదనను నేనే వెనక్కి తీసుకుంటాను.

పాత ఎగ్జామినర్

ఒప్పుకుంటే మొదటి బ్యాచి వైవాకు నా ఖర్చుతో వస్తాను. బైండు చేసిన ప్రతి నాకు చూపించవద్దు. ల్యాబు బల్ల మీద నీళ్లు పడి అంకెలు చెదిరిన అసలు నోటుపుస్తకమే తెమ్మనండి, అందులో అడ్డగీత కొట్టిన పేజీ ఎక్కడుందో అక్కడి నుంచే అడుగుతాను.