దివాణం కాగితాలు: రాజకీయ ఉత్తరాలు ఇచ్చి, లెక్కల పుస్తకాలు కాల్చేయొచ్చా?

పాతమేడ:
మా తాతగారి అన్నగారు చిన్న జమీందారు. జస్టిస్ పార్టీ (అప్పట్లో మద్రాసులో కాంగ్రెస్‌కు పోటీ పార్టీ) మనిషి, మద్రాసు శాసనసభలో కూడా కూర్చున్నారు. ఊరూ పేరూ వద్దులెండి. ఇప్పుడు ఆ మేడ అమ్మేస్తున్నాం. పైగదిలో మూడు భోషాణాల నిండా కాగితాలు దొరికాయి. ఒకదాంట్లో రాజకీయ ఉత్తరాలు, ప్రసంగాల ప్రతులు. రెండోదాంట్లో ఎస్టేటు చిట్టాలు (రోజువారీ లెక్కలు), ఆవర్జాలు (ఖాతా పుస్తకాలు). మూడోదాంట్లో పెళ్లి ఖర్చులు, జాతకాలు, అన్నదమ్ముల మధ్య నడిచిన వకీలు నోటీసులు. మొదటి పెట్టె ఏదైనా లైబ్రరీకి ఇచ్చి ఫోటో దిగుదామని, మిగతా రెండూ తగలబెడదామని మా పెద్దవాళ్లు తేల్చేశారు. నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

గట్టుమీద:
మీ పెద్దవాళ్లదే రైటు. ఇంటి గుట్టు రచ్చకీడ్చుకోవడం ఎందుకు? 1993 పబ్లిక్ రికార్డుల చట్టం సర్కారు కాగితాల గురించి. ప్రైవేటు కాగితాలు ఎవరైనా ఇస్తే తీసుకోవచ్చంటుందే తప్ప, ఇచ్చి తీరాలని ఎక్కడా లేదు. చచ్చిపోయిన మనిషి అప్పులు, కోర్టు తగాదాలు చదివి జనం ఏం చేసుకుంటారు?

ఫసలీ1346:
నేను పూర్తిగా ఉల్టా చెబుతాను. ఏదో ఒక పెట్టె మాత్రమే మిగులుతుందంటే నేను రెండోదే ఉంచమంటాను.

1937 ఎన్నికలు గుర్తు తెచ్చుకోండి. మద్రాసు ప్రభుత్వాన్ని నడుపుతున్న బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు తన సొంత గడ్డ మీదే వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. అలాంటి ఎన్నికల్లో దివాణాలు ఏం చేశాయో ప్రసంగాల ప్రతులు చూస్తే తెలుస్తుందా? ఆ ప్రతుల్లో అందరూ ప్రజాసేవకులే! అదే ఫసలీ 1346 చిట్టా తీయండి. (కొత్తవాళ్ల కోసం: ఫసలీ అంటే శిస్తు లెక్కల సంవత్సరం, దానికి 590 కలిపితే మన సంవత్సరం. జూలైలో మొదలవుతుంది. కాబట్టి 1346 అంటే 1936 జూలై నుంచి 1937 జూన్ దాకా.) ఆ ఏడు ఏ గ్రామంలో శిస్తు బకాయి వదిలేశారు, ఏ గ్రామం మీద దావాలు వేశారు, ధర్మఖర్చు పద్దు ఒక్కసారిగా ఎందుకు ఉబ్బింది, కార్ల పెట్రోలుకు ఎంతయింది, అన్నీ గుమాస్తా రాసి పెట్టే ఉంటాడు. గుమాస్తాకు పార్టీ లేదు, పైసా తేడా వస్తే ఉద్యోగం పోతుందన్న భయం మాత్రం ఉంది.

మూడో పెట్టె సంగతీ అంతే. కూతురి పెళ్లి ఏ సంస్థానంలో చేశారో చూస్తే మరుసటి ఏడు ఎవరు ఎవరికి మద్దతిచ్చారో సగం అర్థమవుతుంది. ఆ మూడు పెట్టెలూ ఒకే మనిషివి. మనం విడదీస్తున్నాం కానీ ఆయన విడదీసుకుని బతకలేదు.

గట్టుమీద:
1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చినప్పుడే లెక్కలు, పట్టాలు, ముచ్చిలికలు (రైతులు రాసిచ్చిన ఒప్పంద పత్రాలు), మ్యాపులు సర్కారు పట్టుకుపోయింది కదా. ఇంకా మిగిలిందేంటి?

ఫసలీ1346:
చట్టం మళ్లీ చదవండి. పరిపాలనకు కావలసినవి తీసుకోవచ్చు అన్నారు. గ్రామ లెక్కలు వెళ్లాయి. దివాణం సొంత ఖర్చుల చిట్టా తాసీల్దారుకు ఎందుకు? అందుకే అది భోషాణంలోనే ఉండిపోయింది.

కౌలుదారు మనవడు:
మా తాత జమీను రైతు. 1938లో జమీందారీ రైతుల సమస్యలు విచారించిన ప్రకాశం కమిటీ నివేదికలో జమీను రైతుల గోడు అచ్చయింది. దాన్ని సరిచూడాలంటే అవతలి వైపు లెక్క ఉండాలి. అది కాలిస్తే మా తాతలు చెప్పింది కథలా మిగిలిపోతుంది.

కానీ ఒక మాట. ఆ పుస్తకాల్లో మా వాళ్ల పేర్లు ఎలా రాశారో మీకు తెలుసా? కులం పేరు, తిట్టులాంటి ముద్దుపేరు, వెట్టి ఎన్ని రోజులు, బాకీ ఎంత. అవి ఫోటోలు తీసి నెట్‌లో పడేస్తే పరువు పోయేది జమీందారుది కాదు, మాది. గుట్టు గుట్టంటున్నారు, మా గుట్టు గురించి ఇంతవరకు ఎవరూ అడగలేదు.

గట్టుమీద:
ఇది నాకు తట్టలేదండీ. ఒప్పుకుంటున్నాను.

చెదలమందు:
ఇరవై ఏళ్లు పాత రికార్డుల మధ్య పనిచేశాను. పాతమేడ గారూ, ముందు అగ్గిపెట్టె దాచండి. ఇంగ్లండులో వెంట్‌వర్త్ వుడ్‌హౌస్ అనే పెద్ద భూస్వాముల మేడలో 1972లో ఏకంగా 16 టన్నుల కాగితాలు తగలబెట్టించారు, మూడు వారాలు మండాయట. అంతకుముందే షెఫీల్డు ఆర్కైవ్స్‌కు చేరిన పాత కాగితాల కోసం ఇప్పటికీ పరిశోధకులు వెళ్తుంటారు.

కట్టలు విప్పి, మీ ఇష్టం వచ్చినట్టు సర్దకండి. ఏ ఉత్తరం ఏ చిట్టా మధ్య దొరికిందో అదీ సాక్ష్యమే. నాఫ్తలీన్ కన్నా ముందు ఎండిన గది చూడండి. తర్వాత జాబితా. చిట్టాల్లో గొలుసుకట్టు రాత (అక్షరాలు కలిపి రాసే పాత రాత) చదివేవాళ్లు ఇప్పుడు తక్కువ, మీ ఊళ్లో పాత కరణం కుటుంబం ఎవరైనా ఉంటే బతిమాలి కూర్చోబెట్టండి.

ఇచ్చేటప్పుడు కాగితం మీద రాయించుకోండి: దానమా, భద్రపరచడానికి మాత్రమేనా, ఏ కట్ట ఎన్నేళ్లు మూసి ఉంచాలి. రైతుల బాకీ పుస్తకాలు చదువుకోనివ్వొచ్చు, కాపీలు ఆన్‌లైన్లో పెట్టొద్దు అని కూడా షరతు పెట్టొచ్చు. ఇది నోటిమాటగా వదిలేస్తే పెద్దపెద్దవాళ్లకే తంటా. నెహ్రూ కాగితాల్లో 51 పెట్టెలు 2008లో ఢిల్లీ తీన్‌మూర్తి లైబ్రరీ నుంచి కుటుంబం వైపు వెళ్లాయి, ఇప్పుడు ఆ సంస్థ వెనక్కి అడుగుతోంది. ఇంకోటి, ఎవరైనా విదేశాలకు కొంటామంటే ఆశపడకండి. 75 ఏళ్లు దాటిన చారిత్రక రికార్డులు 1972 చట్టం కింద పురావస్తువులే, దేశం దాటించకూడదు.

పాతమేడ:
అందరికీ థ్యాంక్స్. నిన్న రాత్రి మా పెదనాన్నగారికి ఈ చర్చ చదివి వినిపించాను. ఆయన అసలు టెన్షన్ గుట్టు గురించి కాదని తేలింది. కమతం (జమీందారు సొంత సాగు) భూముల మీద పాత కేసు ఒకటి ఇంకా నడుస్తోంది, చిట్టాలో ఏదైనా తేడాగా ఉంటే కోర్టుకెక్కుతుందని భయం. కేసు తేలేదాకా ఎస్టేటు పెట్టె తెరవకుండా సీలు వేసి ఇస్తామంటే తీసుకుంటారా అని అడుగుతున్నారు. మూడో పెట్టె గురించి మా అత్తయ్యలు ఇంకా ససేమిరా అంటున్నారు.

చెదలమందు:
సీలు వేసిన పెట్టె తీసుకునేవాళ్లు ఉంటారు. కానీ కోర్టు తెమ్మంటే తేవాల్సిందే, సీలు అడ్డం రాదు. ఆ మాట పెదనాన్నగారికి ముందే చెప్పండి. వకీలును కలిసేదాకా ఒక్క పుటా తీయొద్దు, కాల్చడం అసలే వద్దు. కేసు నడుస్తుండగా కాలిందంటే మంట మీ మీదికే వస్తుంది.