స్పాన్సర్ 40 శాతం కోత అడుగుతున్నాడు: రేటు తగ్గించాలా, రేసులు తగ్గించాలా?

గ్రిడ్_16:
స్టాక్ కార్ తరహా సిరీస్, ఒకే కారున్న టీమ్. సీజన్‌కి 16 రేసులు. ప్రధాన స్పాన్సర్ ఒక్కరే, ఏడాదికి 8 లక్షల డాలర్లు. బానెట్, వెనక చక్రాల మీది ప్యానెళ్ళు, డ్రైవర్ సూట్ మీద ఛాతీ భాగం అన్నీ వాళ్ళవే. ఒప్పందం ఇంకో ఏడాది ఉంది. అమ్మకాలు పడిపోయి ఆ కంపెనీ ఈమధ్యే ఉద్యోగాల కోత ప్రకటించింది. ఇప్పుడు "వచ్చే సీజన్‌కి 4.8 లక్షలే ఇవ్వగలం, మిగతావన్నీ యథాతథంగా ఉండాలి" అంటున్నారు. ఒప్పుకోకపోతే పూర్తిగా పోతారేమోనని భయం, ఒప్పుకుంటే సీజన్ సగంలో డబ్బు అయిపోతుందని ఇంకో భయం. 2008-09 ఆర్థిక మాంద్యంలో ఇలాంటి పరిస్థితి దాటిన టీమ్‌లు ఏం చేశాయో తెలిసినవాళ్ళు చెప్పండి. కొత్త కాగితంలో ఏం రాసుకోవాలో కూడా.

పిట్‌బోర్డ్:
రేటు తగ్గించకండి, సరుకు తగ్గించండి. మీ లెక్కతోనే చూద్దాం. 16 రేసులకి 8 లక్షలంటే రేసుకి 50 వేలు. వాళ్ళు అడిగినట్టు ఒప్పుకుంటే అదే బానెట్ రేసుకి 30 వేలకి పోయినట్టు. పైగా ఇంకొకరికి అమ్ముకోవడానికి మీ దగ్గర ఖాళీ చోటే ఉండదు.

దాని బదులు 9 రేసులు పాత రేటుకే ఇవ్వండి, 4.5 లక్షలు. మిగిలిన 7 రేసులకీ మొత్తం కలిపి 30 వేలు తీసుకుని వెనక బంపర్ పైన చిన్న లోగో పెట్టండి. మొత్తం అదే 4.8 లక్షలు. వాళ్ళ ఫైనాన్స్ వాళ్ళకి కావలసిన అంకె వాళ్ళకి దక్కింది, మీ చేతికి ఇంకొకరికి అమ్ముకోవడానికి 7 రేసుల బానెట్లు వచ్చాయి. అందులో మూడు 40 వేల చొప్పున పోయినా 1.2 లక్షలు. ఒక్కటీ అమ్ముడుపోకపోయినా 30 వేల రేటుకి ఒప్పుకున్నదానికంటే నష్టమేమీ లేదు. రేటు ఒకసారి దిగిందంటే మాత్రం మార్కెట్ కోలుకున్నాక కూడా ఆ 30 వేల దగ్గర్నుంచే బేరం మొదలవుతుంది.

ఆ 9 రేసులు ఏవన్నది మాత్రం పూర్తిగా వాళ్ళ ఇష్టానికి వదలొద్దు. వదిలితే సీజన్ మొదటి రేసు, చివరి రేసు, జనం ఎక్కువగా వచ్చేవన్నీ ఏరుకుంటారు, మీకు మిగిలే ఏడూ ఎవరూ కొననివి అవుతాయి. క్యాలెండర్‌ని మూడు గ్రేడ్లుగా విడదీసి, ఒక్కో గ్రేడ్ నుంచి ఎన్ని తీసుకోవచ్చో ముందే తేల్చుకోండి.

ఇక అసలు సంగతి. ఈ కంపెనీ డబ్బు లేక తగ్గిస్తోందా, ఖర్చు పెడుతున్నట్టు కనబడకూడదని తగ్గిస్తోందా? రెండింటికీ మందు వేరు. 2008 అక్టోబరులో ఐఎన్‌జీ బ్యాంకుకి డచ్ ప్రభుత్వం 10 బిలియన్ యూరోలు ఇచ్చింది. 2009 ఫిబ్రవరిలో ఆ బ్యాంకు రెనో ఎఫ్1 టీమ్ ఒప్పందాన్ని ఆ సీజన్ తర్వాత పొడిగించబోమని చెప్పేసింది. బ్రిటిష్ ప్రభుత్వ సొమ్ముతో నిలబడ్డ ఆర్‌బీఎస్ బ్యాంకు కూడా అదే నెలలో, 2010 తర్వాత విలియమ్స్ ఎఫ్1 టీమ్ కారు మీద తమ పేరు ఉండదని ప్రకటించింది. పన్ను కట్టేవాళ్ళ సొమ్ముతో నడుస్తున్న బ్యాంకు రేస్ కారు మీద పేరు రాయించుకుంటే పార్లమెంటులో అడుగుతారు, పేపర్లో రాస్తారు. ఆ పరిస్థితిలో ఎంత డిస్కౌంటిచ్చినా లాభం లేదు. ఉద్యోగాలు తీసేస్తున్న కంపెనీకి అదే బాధ చిన్న స్థాయిలో ఉంటుంది. అక్కడ మీరు చేయాల్సిన పని, మార్కెటింగ్ మేనేజర్ తన బోర్డు ముందు పెట్టుకోవడానికి ఒక పేజీ కాగితం తయారుచేసి ఇవ్వడం. రేసుల దగ్గర కలిసినవాళ్ళ వల్ల ఎన్ని ఆర్డర్లు వచ్చాయి, ఏ డీలర్ ఎంత ఎక్కువ సరుకు ఎత్తాడు, ఇవే ఉండాలి అందులో. "టీవీలో లోగో ఇన్ని నిమిషాలు కనబడింది, అంత యాడ్‌కి ఇంత విలువ" అనే లెక్క మంచి రోజుల్లో చెల్లుతుంది. మాంద్యంలో ఫైనాన్స్ వాళ్ళు దాన్ని పక్కకి తోసేస్తారు.

గెలిస్తే స్పాన్సర్లు వాళ్ళే వస్తారన్న ఆశా పెట్టుకోకండి. 2008 డిసెంబరులో హోండా ఎఫ్1 వదిలేశాక అదే టీమ్ బ్రాన్ జీపీగా 2009లో 17 రేసుల్లో 8 గెలిచింది, డ్రైవర్ల, టీమ్‌ల టైటిళ్ళు రెండూ కొట్టింది. మెల్‌బోర్న్‌లో మొదటి రేసు నాటికి వర్జిన్ స్పాన్సర్‌గా చేరింది గానీ, కారు ఏడాదంతా చాలావరకు తెల్లగానే తిరిగింది. కంపెనీల బడ్జెట్లు అంతకుముందు ఏడాది చివరి నెలల్లోనే ముగిసిపోతాయి. మార్చిలో మీరెంత బాగా నడిపినా అప్పటికి చెక్కు రాసే అధికారం ఉన్నవాడి దగ్గర డబ్బుండదు.

లెడ్జర్:
పిట్‌బోర్డ్ గారి లెక్కతో పేచీ లేదు. కానీ టీమ్‌లు మునిగేది మొత్తం తక్కువై కాదు, డబ్బు ఆలస్యమై. 4.8 లక్షలు ఎప్పుడెప్పుడు వస్తాయన్నదే ముందు తేల్చుకోండి.

ఒకటి గుర్తుంచుకోండి, పాత ఒప్పందం ఇంకా బతికే ఉంది. వాళ్ళు మీకు 8 లక్షలు బాకీ. కోర్టుకి వెళ్ళమని కాదు, వదులుకుంటున్న 3.2 లక్షలకి బదులు ఏదో ఒకటి రాబట్టమని. కొత్త ఒప్పందం రాయకుండా పాతదానికే సవరణ రాయించండి. అందులో ఉండాల్సినవి:

వాయిదాలు. సంతకం రోజున 30 శాతం, మిగతాది నాలుగు సమాన భాగాలుగా, ఒక్కో నాలుగు రేసుల బ్లాక్ మొదలయ్యే 30 రోజుల ముందు. రేసు అయ్యాక చెల్లింపు అన్న మాటే వద్దు. అమెరికాలో దివాలా పిటిషన్‌కి ముందు 90 రోజుల్లో, పాత బాకీ కింద అందుకున్న సొమ్ముని ట్రస్టీ (దివాలా ఆస్తుల్ని చూసే అధికారి) వెనక్కి అడగొచ్చు. ముందస్తుగా తీసుకున్నది పాత బాకీ కిందికి రాదు. స్పాన్సర్ పరిస్థితి బాగోలేనప్పుడు ఈ తేడా చాలా పెద్దది.

పునరుద్ధరణ నిబంధన. ఏదైనా వాయిదా 15 రోజులు దాటితే సవరణ రద్దయి పాత 8 లక్షల బాకీ మళ్ళీ అమల్లోకి వస్తుంది, లోగో తీసేసి ఆ చోటు ఇంకొకరికి అమ్ముకునే హక్కు మీకు ఉంటుంది. ఈ రెండో ముక్క రాయించుకోకపోతే డబ్బు ఇవ్వని కంపెనీ పేరు మోసుకుంటూ తిరగాల్సి వస్తుంది.

పోటీ కంపెనీల నిషేధం. దీన్ని చాలామంది మర్చిపోతారు. ఉదాహరణకి, 8 లక్షలకి "ఆర్థిక సేవలు" మొత్తం మూసి ఉంటే, 4.8 లక్షలకి "రిటైల్ బ్యాంకింగ్" మాత్రమే మూయండి. బీమా, కార్డులు, చెల్లింపుల కంపెనీలు మీకు తెరుచుకుంటాయి. సిరీస్ స్పాన్సర్ ఎవరో కూడా చూసుకోండి. అమెరికా స్టాక్ కార్ సిరీస్ నాస్‌కార్ టైటిల్ స్పాన్సర్లు నెక్స్‌టెల్, స్ప్రింట్ అనే ఫోన్ కంపెనీలు అయినందువల్ల, పోటీ ఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ 31వ నంబర్ కారు మీద సింగ్యులర్ అన్న తన పాత బ్రాండ్ పేరుని ఏటీ అండ్ టీగా మార్చడానికి 2007లో కోర్టుకెక్కాల్సి వచ్చింది. రాజీ కుదిరినా 2008తో ఆ లోగో పోయింది.

నగదు బదులు వస్తువులిస్తామంటే, మీ బడ్జెట్‌లో అప్పటికే ఉన్న ఖర్చుని తగ్గించే మేరకే లెక్కలోకి తీసుకోండి. ఏడాదికి 15 వేల డాలర్ల ఆయిల్ వాడే టీమ్‌కి 60 వేల ఆయిల్ ఇస్తే దాని విలువ 15 వేలే. ఆ 60 వేల మీద పన్ను ఎలా పడుతుందో అకౌంటెంట్‌ని అడగండి.

మూడో_గేర్:
ఖాళీ బానెట్లు ఎవరికి అమ్మాలన్నదానికి: యాడ్ బడ్జెట్ ఉన్నవాడి దగ్గరికి వెళ్ళకండి, మాంద్యంలో మొదట కోసేది దాన్నే. ట్రేడ్ ప్రమోషన్ బడ్జెట్ (దుకాణాల్లో తమ సరుకు అమ్మకం పెంచడానికి పెట్టే డబ్బు) ఉన్నవాడి దగ్గరికి వెళ్ళండి. నాస్‌కార్‌లో జేటీజీ డాహర్టీ టీమ్ 47వ నంబర్ కారు దీనికి మంచి ఉదాహరణ. క్రోగర్ సూపర్‌మార్కెట్లు, ఆ షెల్ఫుల్లో సరుకు పెట్టే క్లోరాక్స్, కింగ్స్‌ఫర్డ్, బుష్స్ బీన్స్ లాంటి బ్రాండ్లు, అందరూ ఒకే కారు మీద ఉండేవాళ్ళు. రేసు వారంలో స్టోర్‌లో మంచి చోటు దొరుకుతుందంటే సరుకు కంపెనీ సేల్స్ విభాగం డబ్బు తీస్తుంది. అమ్మకం పెరిగిందో లేదో బిల్లింగ్ కౌంటర్ లెక్కలోనే తేలుతుంది, టీవీ నిమిషాలతో పని లేదు. మీ ప్రధాన స్పాన్సర్‌కి సప్లయర్లు ఎవరో జాబితా అడగండి. వాళ్ళు ఇవ్వగలిగిన అతి ఖరీదైన సాయం అదే, వాళ్ళకి పైసా ఖర్చుండదు.

ఇలాంటి కాలంలో అడక్కుండానే వచ్చి పెద్ద అంకె చెప్పేవాళ్ళతో జాగ్రత్త. నాస్‌కార్‌లో స్పాన్సర్‌గా ఉన్న డీసీ సోలార్ మీద 2018 డిసెంబరులో ఎఫ్‌బీఐ దాడులు జరిగాయి, అది పోంజీ (కొత్తవాళ్ళ డబ్బుతో పాతవాళ్ళకి చెల్లించే మోసం) అని తేలింది. వాళ్ళ స్పాన్సర్‌షిప్ పోవడంతో చిప్ గనాసీ టీమ్ ఎక్స్‌ఫినిటీ సిరీస్‌లో (నాస్‌కార్ రెండో స్థాయి) తన కారుని 2019 జనవరిలో మూసేసుకుంది. 2022 నవంబరులో క్రిప్టో ఎక్స్ఛేంజ్ ఎఫ్‌టీఎక్స్ కూలినప్పుడు మెర్సిడెస్ ఎఫ్1 టీమ్ బ్రెజిల్ రేసుకి ముందే లోగోలు పీకేసింది. మెర్సిడెస్‌కి అది చిన్న గీతలాంటిది, చిన్న టీమ్‌కైతే సీజనే పోతుంది. గత రెండేళ్ళ ఆడిట్ లెక్కలు, సంతకం పెట్టేవాడికి అధికారముందని బోర్డు తీర్మానం, మాతృసంస్థ హామీ, ఇవి మూడూ చేతికి రాకుండా డిజైనర్‌కి ఫైలు పంపకండి. డబ్బు బ్యాంకులో పడ్డాకే స్టిక్కర్ కారెక్కాలి.

ఒకే స్పాన్సర్ మీద ఆధారపడితే ఛాంపియన్‌కీ దిక్కుండదు. 2017లో నాస్‌కార్ పై స్థాయి కప్ టైటిల్ గెలిచిన ఫర్నిచర్ రో రేసింగ్, స్పాన్సర్ 5-అవర్ ఎనర్జీ తప్పుకున్నాక 2018 సీజన్‌తో మూతపడింది.

గ్రిడ్_16:
చాలా ఉపయోగం, ముగ్గురికీ థాంక్స్. రేసుకో స్పాన్సర్ అయితే రేసుకో రంగు కదా. ర్యాప్ (కారు మీద చుట్టే ప్రింటెడ్ వైనిల్ ఫిల్మ్) ఖర్చు, పని గంటలు ఈ లాభాన్ని తినేయవా? రెండోది, మా స్పాన్సర్ వాళ్ళు హాస్పిటాలిటీ టెంట్ (రేసు దగ్గర వాళ్ళ అతిథులకి వేసేది) వద్దంటున్నారు, దాని డబ్బు తగ్గించమంటున్నారు.

వైనిల్_పని:
కారు మొత్తం ప్రతిసారీ చుట్టాలనుకుంటే తినేస్తుంది. అలా చేయకండి. కారంతటికీ ఒకే మూల రంగు పెట్టుకోండి, తెలుపు గానీ ముదురు బూడిద గానీ. స్పాన్సర్ మారినప్పుడు మారేవి బానెట్, రెండు వెనక ప్యానెళ్ళు, వెనక బంపర్ పై పట్టీ మాత్రమే. రెండు అదనపు బానెట్లు పెట్టుకుని వాటిని వర్క్‌షాప్‌లో తీరిగ్గా చుట్టి ఉంచితే ట్రాక్ దగ్గర పిన్నులు తీసి మార్చడమే పని. ప్రమాదంలో బానెట్ నలిగినా చేతిలో ఇంకోటి ఉంటుంది. స్పాన్సర్లకి ఇచ్చే డిజైన్ టెంప్లేట్‌లోనే "మూల రంగు మారదు" అని ఉండాలి. కారంతా తమ రంగే కావాలంటే ఫిల్మ్, కూలీ, తీసేసే కూలీ విడిగా బిల్లు వేయండి.

వైనిల్ ఫిల్మ్‌లో "కాస్ట్" అనే రకమే వాడండి. "క్యాలెండర్డ్" అనే రకం చవక, కానీ ఎండకి కుంచించుకుని వంపుల దగ్గర లేచిపోతుంది, తీసేటప్పుడు జిగురు ప్యానెల్ మీదే మిగిలిపోతుంది. అంటించే ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్ళు కలిపి రెండుసార్లు తుడవండి. మైనం, బ్రేక్ డస్ట్ ఉన్నచోట ఎంత మంచి ఫిల్మైనా నిలవదు. వర్క్‌షాప్ 20 డిగ్రీల దగ్గర్లో ఉంటే హాయి. చివర్లో అంచులు, లోతు వంపులు హీట్ గన్‌తో 90-100 డిగ్రీల దాకా వేడిచేసి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూసుకోండి. ఈ ఆఖరి మెట్టు ఎగ్గొట్టడం వల్లే ఎక్కువ ర్యాపులు రేసు మధ్యలో లేస్తాయి. రెండు ముక్కలు కలిసేచోట ముందున్నది వెనకదాని మీదికి రావాలి, ఇంటి పెంకుల్లాగా. తిరగేస్తే గాలి కిందికి దూరి చీల్చేస్తుంది. త్వరగా పోయే చోట్లు రెండు: చక్రాల వెనక, అక్కడ రబ్బరు ముక్కలు కొట్టి ఒరిపిడి, ఇంధనం పోసే మూత చుట్టూ, అక్కడ ఒలికిన పెట్రోలు జిగురుని మెత్తబరుస్తుంది. అక్కడ లోగో పెట్టకండి, పెడితే రెండు అదనపు కాపీలు ప్రింట్ చేయించి ట్రక్కులో ఉంచండి.

లోగో ఫైనల్ చేసేముందు ప్రింట్ తీసి 10 మీటర్ల దూరం నుంచి చూడండి. సన్నటి అక్షరాలు, క్రోమ్ ఫిల్మ్ స్క్రీన్ మీద బాగుంటాయి, ఎండలో కెమెరాకి ఏమీ కనబడవు. ఆర్ట్‌వర్క్ ఆమోదానికి గడువు రేసుకి 21 రోజుల ముందని ఒప్పందంలోనే రాయండి. గురువారం రాత్రి "నీలం షేడ్ తప్పు" అని ఫోన్ చేసే స్పాన్సర్లు తక్కువేం కాదు.

పిట్‌బోర్డ్:
టెంట్ గురించి: వద్దంటే సంతోషంగా తీసేయండి, కానీ టెంట్‌కి మీరు బయటికి కట్టే అద్దె, భోజనాల ఖర్చు మేరకే తగ్గించండి. దానిమీద మీ మార్జిన్ ఎంత వేసుకున్నారో బయటపెట్టాల్సిన పని లేదు. బదులుగా పాత ఛాసిస్‌ని షో కార్‌గా తయారుచేసి వాళ్ళ గోదాములకీ డీలర్ల దగ్గరికీ పంపండి. ఇంజన్ అక్కర్లేదు, బయటి రూపం, సీటు, స్టీరింగ్ చాలు. ట్రైలరు, ఒక మనిషి, డీజిలే ఖర్చు. అతిథులకి విందులు చేస్తున్నారన్న మాట ఎవరూ అనలేరు, సిబ్బంది మాత్రం కారు చుట్టూ మూగుతారు. సీజన్‌కి ఎన్ని రోజులు, ఎన్ని కిలోమీటర్ల లోపు అన్నది మాత్రం సవరణలో రాసుకోండి, లేకపోతే ప్రతి బ్రాంచీ అడుగుతుంది.

ఇంకో మాట. డబ్బు సరిపోని రేసుల్లో నాలుగు ల్యాపులు తిప్పి వైబ్రేషన్ అని పిట్‌లోకి తెచ్చేసి, చివరి స్థానం ప్రైజ్ మనీ తీసుకోవడం 2009 తర్వాత నాస్‌కార్ చిన్న టీమ్‌లు బాగా చేశాయి. టైర్లు, పిట్ సిబ్బంది ఖర్చు మిగిలేది నిజమే. కానీ ఆ రోజు కారు మీద ఎంత చిన్న లోగో ఉన్నా ఆ పని చేయకండి. 30 వేలు కట్టి బంపర్ మీద ఉన్నవాళ్ళు కూడా రేసు దూరంలో సగమైనా నడవాలని రాయించుకుంటారు, రాయించుకోకపోతే తర్వాత అడుగుతారు. నడపలేని రేసులుంటే ఇప్పుడే క్యాలెండర్‌లోంచి తీసేసి 16ని 13 చేయండి. సిరీస్ ఎంట్రీ ఫీజు వెనక్కి వచ్చే గడువు దాటకముందే ఆ నిర్ణయం జరగాలి.