ప్లాస్టిక్ చెత్త వేసే రెడ్ కవర్లో సూది ఉండి ఆయమ్మకి గుచ్చుకుంది, హాస్పిటల్ వాళ్ళు ఏజెన్సీని అడగమంటున్నారు, ఏం చెయ్యాలి?

ఒంగోలు_సిస్టర్:
అందరికీ నమస్తే. నేను ఒక ప్రైవేట్ హాస్పిటల్లో స్టాఫ్ నర్స్‌ని, జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేశాను. ఈరోజు పొద్దున డ్యూటీ మారే టైంలో మా వార్డు ఆయమ్మ రెడ్ కవర్ ముడేసి ఎత్తుతుంటే లోపల ఉన్న సూది కవర్ చించుకుని బొటనవేలి కింద దిగింది, చేతికున్నది పల్చటి గ్లవ్ ఒక్కటే. ఐవీ సెట్లూ యూరిన్ బ్యాగులూ ఉండాల్సిన కవర్లో సూది ఎవరు వేశారో తెలీదు, వార్డు నిండా పేషెంట్లు, నైట్‌కి ఇద్దరే సిస్టర్లు. ట్రాలీ మీద నీడిల్ కట్టర్ పనిచెయ్యట్లేదని ఇండెంట్ (స్టోర్‌కి కావాలని రాసే చీటీ) పెట్టి చాలా రోజులైంది, ఇంకా రాలేదు.

రక్తం వస్తుంటే ఎవరో స్పిరిట్ పోసి వేలు గట్టిగా పిండారు. ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కి చెప్తే "టీటీ వేయించెయ్, రిజిస్టర్లో మాత్రం రాయకు, ఆమె మన స్టాఫ్ కాదు, ఏజెన్సీ మనిషి" అన్నారు. ఏజెన్సీ సూపర్‌వైజర్‌కి ఫోన్ చేస్తే మీ హాస్పిటల్లో జరిగింది మీరే చూసుకోవాలి అంటాడు. ఆయమ్మేమో "ఏం కాదులేమ్మా, మాకు ఇయ్యన్నీ మామూలే" అని మళ్ళీ మాప్ పట్టుకుంది. హెపటైటిస్ బి టీకా వేయించుకున్నావా అంటే కరోనా టీకాలు రెండూ వేశారు కదమ్మా అంటది. నాకు ఏడుపొచ్చింది.

ఈమధ్యే మాకు బయోమెడికల్ వేస్ట్ (హాస్పిటల్ చెత్త) ట్రైనింగ్ పెట్టారు, కాన్ఫరెన్స్ హాల్లో ఏసీ వేసి, పీపీటీ అంతా ఇంగ్లీషులో, చివర్లో సంతకాలు, గ్రూప్ ఫోటో. ఆయమ్మల్ని ఒక్కళ్ళని కూడా పిలవలేదు.

ఏ పేషెంట్ సూదో తెలీనప్పుడు హెచ్ఐవీ మందులు వాడాలా? ఎక్కడిస్తారు? ఏజెన్సీ మనిషైతే హాస్పిటల్‌కి నిజంగా బాధ్యత లేదా? తెలిసినవాళ్ళు కొంచెం త్వరగా చెప్పండి.

ఇన్ఫెక్షన్_కంట్రోల్_వైజాగ్:
అమ్మా ముందు ఆవిడని తీసుకుని గవర్నమెంట్ పెద్దాసుపత్రికి బయల్దేరండి, మిగతాది దార్లో చదువుకోవచ్చు. అక్కడ ఏఆర్‌టీ సెంటర్ (హెచ్ఐవీ మందులిచ్చే చోటు) ఉంటుంది, ఈ టైంకి మూసేసి ఉంటే క్యాజువాలిటీలో "నీడిల్ స్టిక్ ఇంజురీ, పీఈపీ కావాలి" అని ఈ మాటలతోనే అడగండి. పీఈపీ అంటే సూది గుచ్చుకున్నాక హెచ్ఐవీ రాకుండా వాడే మందులు. మొదటి డోసు 2 గంటల్లోపు పడితే మంచిది, 72 గంటలు దాటితే ఇక మొదలుపెట్టరు. రేపు ఆదివారం, సోమవారం చూద్దాం అనుకుంటే టైమంతా అందులోనే పోతుంది.

ఎవరి సూదో తెలీనప్పుడు మందు మొదలుపెట్టాలా వద్దా అనేది అక్కడి డాక్టర్ చూస్తారు, ఎంత లోతు దిగింది, లోపల రంధ్రం ఉన్న సూదా, ఆ వార్డులో ఎలాంటి పేషెంట్లున్నారు, ఇవన్నీ అడుగుతారు, అందుకే మీరు పక్కన ఉంటే మంచిది, ఆయమ్మకి ఇవి చెప్పడం రాదు. ఇస్తే 28 రోజులు, టెనోఫోవిర్ లామివుడిన్ డోలుటెగ్రవిర్ మూడూ కలిసిన టాబ్లెట్, రోజుకొకటి. ఆవిడ షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే తప్పకుండా చెప్పండి, డోలుటెగ్రవిర్‌తో మెట్‌ఫార్మిన్ రక్తంలో పెరుగుతుంది, డోసు సరిచెయ్యాలి. ఐరన్, కాల్షియం మాత్రలు వాడుతున్నా చెప్పాలి.

అందరూ హెచ్ఐవీ అనగానే వణికిపోతారు గానీ నా భయమంతా హెపటైటిస్ బి గురించి. హెచ్ఐవీ ఉన్నవాళ్ళ సూది గుచ్చుకుంటే 1000 మందిలో సుమారు ముగ్గురికి వస్తుంది, అదే హెపటైటిస్ బి అయితే టీకా లేనివాళ్ళలో 100కి 6 నుంచి 30 మందికి రావచ్చు. టీకా ఉండి కూడా ఈవిడకి ఎవ్వరూ వెయ్యలేదు చూడండి, అదీ నా బాధ. ఈరోజే మొదటి డోసు వేయించండి. హెపటైటిస్ సీకి టీకా లేదు, కానీ టెస్టులు వదలకుండా చేయించుకుంటే వచ్చినా మందులతో తగ్గుతుంది. ఇవాళే బేస్‌లైన్‌కి హెచ్ఐవీ, హెచ్‌బీఎస్‌ఏజీ (హెపటైటిస్ బి టెస్టు), యాంటీ హెచ్‌సీవీ (హెపటైటిస్ సీ టెస్టు)లకి రక్తం తీయించండి, రేపు ఎవరైనా "ముందునుంచే ఉందేమో" అనకుండా అదొక రుజువు.

ఇంకోటి, పిండకూడదు, స్పిరిట్, బ్లీచింగ్, డెటాల్ ఏవీ పొయ్యకూడదు, వేలు నోట్లో పెట్టుకోకూడదు. కుళాయి కింద పెట్టి సబ్బుతో కడగడమే. ఇది అన్ని వార్డుల్లో సింకు పైన తెలుగులో అతికించండి.

ఇక బాధ్యత సంగతి. 2016 బయోమెడికల్ వేస్ట్ రూల్స్‌లో ఉన్న మాట "హెల్త్ కేర్ వర్కర్లు, ఈ వేస్ట్ ముట్టుకునే ఇతరులు" అని. ఏజెన్సీయా పర్మినెంటా అన్న తేడా అందులో లేదు. చేరినప్పుడు ఒకసారి, ఆ తర్వాత ఏడాదికి కనీసం ఒకసారి ట్రైనింగ్, హెపటైటిస్ బి, టెటనస్ టీకాలు, ఏటా హెల్త్ చెకప్, ఇవన్నీ హాస్పిటల్ డ్యూటీయే. ఇలా సూదులు గుచ్చుకున్న వివరాలు ఏటా జూన్ 30 లోపు పొల్యూషన్ కంట్రోల్ బోర్డుకి పంపే రిపోర్టులో రాయాలి, కాబట్టి "రిజిస్టర్లో రాయకు" అనడం చెల్లదు. 2017 హెచ్ఐవీ చట్టం ప్రకారం కూడా పీఈపీ ఇప్పించాల్సింది ఆ సంస్థే.

హన్మకొండ_ల్యాబ్:
సిస్టర్, పైన మేడమ్ మొత్తం మంచిగ చెప్పిన్రు, నేను ఒక్కటే కలుపుత. ఆమె జీతంల ఈఎస్ఐ (కార్మికుల బీమా) కట్ అయితుందా లేదా అడుగున్రి. కట్ అయితుంటే ఇది పనిల తాకిన దెబ్బ కిందికి వస్తది, రేపు ఏమన్నా రోగం వచ్చినా హాస్పిటల్, ల్యాబ్ పనిల అంటుకున్న ఇన్ఫెక్షన్ ఈఎస్ఐ లిస్టులనే ఉన్నది. కానీ ఆ రోజు ఏం జరిగిందో కాయితం మీద లేకుంటే ఎవ్వడు పట్టించుకోడు. తారీఖు, టైము, వార్డు, ఏ కవరు, ఎవరు చూసిన్రు, అన్నీ రాసి సూపరింటెండెంట్‌కు ఇచ్చి జిరాక్స్ మీద రిసీవ్డ్ సంతకం తీస్కోన్రి. మా దగ్గర సెంట్రిఫ్యూజ్‌ల (రక్తం ట్యూబులు తిప్పే మిషన్) ట్యూబ్ పగిలి పోరనికి కోసుకపోతే గట్లనే కాయితం ఉన్నందుకే పని అయింది.

లీడ్స్_నర్స్:
నేను యూకేలో చేస్తున్నా, ఇక్కడ 2013 నుంచి షార్ప్స్ (సూదులు, బ్లేడ్లు) మీద విడిగా రూల్స్ ఉన్నాయి, వీలైన చోటల్లా వాడగానే సూది లోపలికి పోయేవో మూత పడేవో కొనాలి. అయినా మా వార్డుల్లోనూ గుచ్చుకుంటాయి, కాకపోతే గుచ్చుకున్నవాళ్ళని ఎవరూ తిట్టరు, డ్యూటీ మధ్యలోనే వదిలి వెళ్ళమంటారు. మీ దగ్గర ఆ సూదులు కొనకపోయినా, వైట్ పంక్చర్ ప్రూఫ్ డబ్బా ప్రతి ట్రాలీ మీద ఉండేలా పట్టుబట్టండి, డబ్బా వార్డు చివర్లో ఉంటే రాత్రి మూడింటికి ఎవరూ అంతదూరం నడవరు.

ఒంగోలు_సిస్టర్:
అందరికీ చాలా చాలా థాంక్స్. అప్పుడే ఆటోలో తీసుకెళ్ళాను, క్యాజువాలిటీలో మీరు చెప్పిన మాటలే చెప్పాను, డ్యూటీ డాక్టర్ బాగా మాట్లాడారు, టాబ్లెట్లు మొదలుపెట్టారు, టీకా మొదటి డోసు కూడా పడింది, రక్తం తీశారు. ఆమె మెట్‌ఫార్మిన్ వాడుతోంది, మీరు చెప్పకపోతే నాకు అడగాలనే తట్టేది కాదు మేడమ్. కాయితం ఇచ్చాను, మా ఇన్‌ఛార్జ్‌కి కోపం వచ్చింది, రానివ్వండి. ఇప్పుడు మా ఆయమ్మలందరికీ ట్రైనింగ్ పెట్టమని అడుగుదామనుకుంటున్నా, ఎలా పెడితే బాగుంటుంది?

ఇన్ఫెక్షన్_కంట్రోల్_వైజాగ్:
చాలా మంచి పని చేశావమ్మా. హాల్లో పెట్టొద్దు. పొద్దున డ్యూటీ మారే ముందు వార్డులోనే, వాళ్ళెత్తే బకెట్ల దగ్గరే ఒక పావుగంట. నేను ఖాళీ కవర్లు, కొత్త ఐవీ సెట్, కాటన్, ఇంజెక్షన్ సీసా పెట్టి వాళ్ళనే వెయ్యమంటాను. కాటన్, డ్రెస్సింగ్ పసుపు, ప్లాస్టిక్ ఎరుపు, సీసాలు నీలం, సూది బ్లేడు తెల్ల డబ్బా. చదువు రానివాళ్ళకి కూడా రంగు తెలుస్తుంది కదా. కవర్ మూడొంతులు నిండగానే ముడెయ్యాలి, చేత్తో అదమకూడదు, మెడ దగ్గరే పట్టుకోవాలి, కాలికి ఆనించి మొయ్యకూడదు, అడుగున చెయ్యి పెట్టకూడదు. మందమైన రబ్బరు గ్లవ్స్ అడగండి, ఎగ్జామినేషన్ గ్లవ్స్ ఆ పనికి కాదు. అదే రోజు టీకా కూడా పెట్టించండి, ట్రైనింగ్‌కి వచ్చినవాళ్ళందరికీ మొదటి డోసు అక్కడే పడాలి. ఆ తర్వాత నర్సులతో విడిగా కూర్చోండి, ఎందుకంటే రెడ్ కవర్లో సూది వేసేది ఆయమ్మలు కాదు.

మీ ఆయమ్మకి రెండో డోసు నెలకి, మూడోది మొదటి డోసు నుంచి ఆరు నెలలకి, ఆ తర్వాత ఒకటి రెండు నెలల్లో యాంటీ హెచ్‌బీఎస్ టైటర్ (టీకా పనిచేసిందో లేదో చెప్పే రక్త పరీక్ష) చూడాలి, 10 పైన ఉంటే రక్షణ ఉన్నట్టు. హెచ్ఐవీ టెస్టు ఆరు వారాలకీ మూడు నెలలకీ ఆరు నెలలకీ మళ్ళీ చేస్తారు. టాబ్లెట్‌తో వికారం వస్తే అన్నం తిన్నాక వేసుకోమనండి, తనంతట తను మానెయ్యొద్దని రోజూ ఒక మాట అడుగుతూ ఉండండి. ఏ డౌటున్నా హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చెయ్యొచ్చు, డబ్బులు పడవు.