హాస్టల్ అమ్మాయిల్లో రక్తహీనత: తప్పు పిల్లల తిండిదా, మన పద్ధతులదా?

అరండల్‌పేట అమ్మ:
మా అమ్మాయి విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. దసరా సెలవులకు గుంటూరు వచ్చినప్పుడు రెండంతస్తులు ఎక్కేసరికి కళ్ళు బైర్లు కమ్మి గోడ పట్టుకుని నిలబడిపోయింది. సీబీపీ అనే రక్త పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.9. వార్డెన్‌కి ఫోన్ చేశాను. "మెస్‌లో అన్నీ పెడుతున్నామమ్మా, పిల్ల తిననంటే మేమేం చేస్తాం" అన్నారు. మా అత్తగారిదీ అదే మాట, ఈ కాలం పిల్లలకి అన్నం అంటేనే చేదని. నాకు మాత్రం ఆ మాట మింగుడు పడలేదు. దాని గదిలో ఆరుగురు ఉంటే నలుగురికి ఇదే ఆయాసం, ఇదే నీరసం అంట. నలుగురూ కూడబలుక్కుని మొండికేశారా? తప్పు ఎక్కడుందో మొహమాటం లేకుండా చెప్పండి.

బ్రాడీపేట లెక్చరర్:
పదిహేనేళ్ళుగా ఇంటర్ పిల్లలకు పాఠం చెబుతున్నాను. మీ బాధ అర్థమైంది మేడమ్, కానీ వార్డెన్ మాటలో నిజముంది. పొద్దున ఉప్మా పెడితే సగం మంది ముట్టరు. పదకొండింటికి క్యాంటీన్‌లో పఫ్, సాయంత్రం నూడుల్స్. ఇంటి నుంచి వచ్చిన పచ్చడి సీసాతో వారమంతా నెట్టుకొస్తారు, పప్పూ కూరా ప్లేటులో ఓ పక్కన అలాగే ఉండిపోతాయి. లావైపోతామని రాత్రి భోజనం మానేసేవాళ్ళూ ఉన్నారు. ఆకుకూర వండారా అని మెస్‌ని అడుగుతాం, తిన్నావా అని పిల్లని అడగం.

కొత్తపేట ల్యాబ్:
దేశంలో సగానికి పైగా అమ్మాయిలకు రక్తం లేదని అందరూ అంటారు. ఆ లెక్క 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేది. 15-19 ఏళ్ళ అమ్మాయిల్లో 59.1 శాతం, అబ్బాయిల్లో 31.1 శాతం. అది వేలికి సూది గుచ్చి తీసిన చుక్కతో చేసిన పరీక్ష. అంతకుముందు 2016-18లో పిల్లల మీద జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో నరంలోంచి రక్తం తీసి చూశారు. అందులో 10-19 ఏళ్ళ అమ్మాయిల్లో 40 శాతం, అబ్బాయిల్లో 18 శాతం వచ్చింది. వయసులు వేరు కాబట్టి రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. కానీ వేలిని గట్టిగా పిండితే ఒంట్లోని నీరు కలిసి రీడింగ్ తప్పు వచ్చే అవకాశం ఉంటుంది. అందుకే ప్రతి పిల్లనీ రోగిని చెయ్యొద్దంటాను.

మీ పాప సంగతి వేరండీ. ఈ వయసు అమ్మాయిలకు 12 కన్నా తక్కువైతే రక్తహీనత, 8 కిందకి దిగితే తీవ్రం. 8.9 అంటే ఆ గట్టుకి దగ్గర్లోనే ఉంది. రిపోర్టులో ఎంసీవీ అని ఉంటుంది చూడండి, అది ఎర్రకణాల సైజు. ఎర్రకణాలు చిన్నవిగా ఉంటే ఐరన్ లోటో, పుట్టుకతో వచ్చే తలసేమియా మైనరో కావచ్చు. పెద్దవిగా ఉంటే బీ12, ఫోలిక్ యాసిడ్ వైపు చూడాలి. ఒంట్లో ఐరన్ నిల్వ చూపే ఫెరిటిన్ పరీక్ష కావాలేమో డాక్టర్‌ని అడగండి. ఇవేవీ చూడకుండా టానిక్ సీసా కొనేయకండి.

బీటెక్ రెండో ఏడు:
లెక్చరర్ గారూ, పప్పు వదిలేసిన పిల్లల్లో నేనూ ఒకదాన్ని. ఎందుకో చెబుతాను. భోజనానికి ఇచ్చేది అరగంట. క్యూలోనే ఇరవై నిమిషాలు పోయేవి. మిగిలిన పది నిమిషాల్లో పచ్చడన్నం అయితే గబగబా మింగి పరిగెత్తొచ్చు. పొద్దున ఐదున్నరకే స్టడీ అవర్ కదా, టిఫిన్ టైముకి ఆకలి చచ్చిపోయి టీ తాగి ఊరుకునేదాన్ని.

అసలు సంగతి ఇంకొకటి. నాకు నెలసరి తొమ్మిది రోజులు ఉండేది, రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సి వచ్చేది. అది ఎక్కువని నాకు తెలియదు. అమ్మకి చెబితే "నాకూ అంతేనే" అంది. ఫ్లోర్ ఇన్‌చార్జి సార్‌కి ఏమని చెప్పను? క్లాసులో కునికిపాట్లు పడుతుంటే చదువు మీద ధ్యాస లేదన్నారు. చివరికి 7.6కి వచ్చాక లేడీ డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న నెలసరి గురించే. అంతకుముందు రెండేళ్ళలో ఒక్కరూ అడగలేదు. బ్లీడింగ్‌కి మందు, దాంతోపాటు ఐరన్ వాడాక నాలుగు నెలల్లో 11.8 వచ్చింది. ధ్యాస లేదన్న మాట మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

గుంటూరు ఏఎన్ఎం:
తల్లీ, నువ్వు చెప్పింది నేను ఇల్లిల్లూ తిరిగి చూస్తున్నదే. మిరప యార్డు వైపు తొడిమలు తీసే పనికి వెళ్ళే అమ్మలు పొద్దున్నే ఇల్లు వదులుతారు. ఇంట్లో పద్నాలుగేళ్ళ పిల్ల వంట చేసి, నాన్నకీ తమ్ముడికీ పెట్టి, గిన్నెలో మిగిలింది తింటుంది. కూర మిగలదు, చారు మిగులుతుంది. ఆ పిల్లకి తిండి అలవాటు సరిగా లేదని ఎలా అనగలం? ఆ అమ్మకీ రక్తం ఉండదు, పిల్లకీ ఉండదు.

ప్రభుత్వ బడుల్లో వారానికో నీలం మాత్ర ఇస్తాం. అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్, ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. అది రక్తహీనత రాకుండా చూసుకోవడానికే. వచ్చాక ఎంత వాడాలో డాక్టర్ చెప్పాలి. చాలామంది మాత్ర పారేస్తారు. కడుపులో తిప్పుతుందనీ, విరేచనం నల్లగా అవుతుందనీ ముందే చెబితే భయపడరు. అన్నం తిన్నాక వేసుకోవాలి, టీ కాఫీలకి గంటైనా ఎడం ఉండాలి. నిమ్మకాయో జామకాయో తింటే ఐరన్ బాగా ఒంటికి పడుతుంది. నులిపురుగుల మాత్ర మరిచిపోవద్దు.

ఇంకో మాట. పదో తరగతి దాటగానే మధ్యాహ్న భోజనం ఆగిపోయేది. 2025 జనవరిలో విజయవాడ పాయకాపురం జూనియర్ కాలేజీ నుంచి ప్రభుత్వ కాలేజీలకీ మొదలుపెట్టారు. ప్రైవేటు హాస్టళ్ళలో పిల్ల ప్లేటులో ఏం పడుతుందో అడగాల్సింది ఫీజు కట్టే మీరే.

బ్రాడీపేట లెక్చరర్:
బీటెక్ అమ్మా, ఇన్నేళ్ళలో నేనూ ఎంతమందిని ధ్యాస లేదని తిట్టి ఉంటానో. నెలసరి సంగతి నాకు తట్టనే లేదు. పఫ్‌ల గురించి నా మాట మార్చుకోను. అరగంట గురించి మాత్రం మా ప్రిన్సిపాల్‌తో మాట్లాడతాను.

అరండల్‌పేట అమ్మ:
అందరికీ దండాలు. రాత్రి దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. ఎనిమిది రోజులంట. కన్నతల్లిని, నాకే తెలియదు. ఏఎన్ఎం అక్క రాసింది చదివాక ఇంకోటి గుర్తొచ్చింది. మా ఇంట్లో అబ్బాయి క్రికెట్ ఆడతాడని రెండు గుడ్లు పెడతాను. అమ్మాయి సెలవులకు వస్తే, అడిగితే ఒకటి. అది ఎప్పుడూ అడగలేదు.

సోమవారం లేడీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాను. వచ్చే ఆదివారం ఆ గదిలోని మిగతా పిల్లల అమ్మలతో కలిసి హాస్టల్‌కి వెళ్తాం. భోజనానికి ముప్పావు గంట, రోజూ ఉడికించిన గుడ్డు, తినని పిల్లలకి పల్లీ చిక్కీ, నెలసరి గురించి చెప్పుకోవడానికి ఒక ఆడమనిషి. ఈ నాలుగూ కాగితం మీద రాసిస్తాం. విజయవాడ హాస్టళ్ళలో పిల్లలున్న అమ్మలెవరైనా మాతో వస్తామంటే ఇక్కడే రాయండి.